పైవాడి మాట

మా ఊరి ఇళ్లు ముందుకు వంగి ఉంటాయి. పడవలో మైకు పట్టుకుని నేను రోజూ చెప్పే మొదటి సంగతి ఇదే. "వచ్చిన చుట్టాలకు నమస్కారం పెడుతున్నాయండీ" అంటాను. అందరూ నవ్వుతారు. నవ్వడం అయ్యాక అసలు సంగతి చెబుతాను. వెనకటికి ఇంటి వెడల్పును బట్టి పన్ను వేసేవారు కాబట్టి జనం సన్నగా, పొడుగ్గా కట్టుకున్నారు. ఇల్లు సన్నమైతే మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. ఆ మెట్లు మనిషి ఎక్కడమే గగనం, ఇక బీరువా ఏం ఎక్కుతుంది? అందుకని ప్రతి ఇంటి నెత్తినా ఒక దూలం, దూలానికి కప్పీ, కప్పీ మీద తాడు, తాడు కొసకు కొక్కెం. మంచాలూ బల్లలూ అన్నీ కిటికీలోంచే లోపలికి వెళ్లాలి. పైకి వెళ్లే సామాను గోడను గీసుకోకుండా గోడనే ముందుకు వంచి కట్టారు. మా ఇళ్ల వినయం వెనక ఉన్న కథ అదీ.

జనం ఆ దూలాలకు ఫొటోలు తీసుకుంటారు. ఆ తాడు రెండో కొస ఎవరు పట్టుకునేవారని ఇంతవరకు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. మా మామయ్య పట్టుకునేవాడు. ఎవరూ అడగలేదు కాబట్టి పడవలో నేనూ చెప్పలేదు.

మామయ్య అంటే మా అమ్మకు అన్న. కాలవ గట్టున పిల్లా పెద్దా అందరూ ఆయన్ని తాడు మామయ్య అనేవారు. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు, మాట పొదుపు. అరచేతులు ఎంత మొద్దుబారి ఉండేవంటే, పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేవాడు. ఆయన పనికి ఇద్దరు మనుషులు కావాలి. కింద వీధిలో తాడు పట్టేవాడు ఒకడు, పైన కిటికీలో నిలబడి సామాను లోపలికి లాక్కునేవాడు ఒకడు. ఆ రెండోవాణ్ణి పనిలో పైవాడు అంటారు. ఈ మాట మీద మా ఇంట్లో వెయ్యని జోకు లేదు. "అంతా పైవాడి దయ" అని ఎవరైనా అంటే చాలు, మామయ్య మా నాన్నను చూపించి, "దయ సంగతేమో గానీ, పొద్దున్నుంచీ ఒక్క టీ కూడా ఇప్పించలేదు" అనేవాడు. ఎందుకంటే ఆయన పైవాడు మా నాన్నే. ఒకరికొకరు బావ అవుతారు కాబట్టి ఇద్దరూ "బావా" అనే పిలుచుకునేవారు. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలియాలంటే మెడ పైకెత్తాలో, కిందికి దించాలో మనమే తేల్చుకోవాలి.

తాడు పట్టేవాడు మాత్రం పైకి చూడకూడదు. చూస్తే కళ్లలో సున్నం పెళ్లలు పడతాయని అందరూ చెప్పే కారణం. మామయ్య చెప్పే కారణం వేరు. "కళ్లు చూస్తే చేతులు ఆలోచిస్తాయే. ఆలోచించే చేతులు తాడుకి పనికిరావు" అనేవాడు. కాబట్టి పని మొత్తం పైవాడి మాట మీద నడవాలి. "లాగు" అంటే లాగాలి. "ఆగు" అంటే బిగబట్టాలి. "ఇవ్వు" అంటే తాడు కొద్దికొద్దిగా ఇస్తూ దించాలి. సామాను ఎక్కడో ఒకచోట నేల మీద ఆని, కొక్కెం ఊడదీశాక ఆఖరి మాట "వదిలెయ్". ఆ మాట చెవిన పడగానే చేతులు తెరుచుకోవాలి. బరువు పోయిన తాడును ఇంకా బిగబట్టి ఉంటే కొక్కెం ఎగిరి పైవాడి మొహం పగులుతుంది. అందుకని చెవికీ చేతికీ మధ్య మరేదీ అడ్డం రాకుండా ఏళ్ల తరబడి సాధన చేస్తారు.

ఆ మాటకు మా ఇంట్లో ఎంత భయపడేవారంటే, మామూలు కబుర్లలో కూడా ఎవరూ అనేవారు కాదు. నేను చిన్నప్పుడు పిల్లి తోక పట్టుకుంటే అమ్మ "పోనియ్యవే దాన్ని" అని అరిచేది. పోట్లాట ముదిరితే "ఇంక చాలించండి" అనేవారే గానీ ఆ మాట మాత్రం నోట రానిచ్చేవారు కాదు. బడిలో పంతులుగారు "ఆ లెక్క వదిలెయ్" అంటే నేను చేతిలో ఉన్న పలకను నేలకేసి కొట్టానని మా అమ్మ చెప్పుకుని నవ్వేది. పలక నిజంగానే పగిలింది. కావాలని కొట్టలేదు, చేయి దానంతట అదే తెరుచుకుంది.

అత్తయ్య మామయ్య బతుకులోకి వచ్చింది కూడా కిటికీలోంచే. వాళ్లవాళ్లు మూడో అంతస్తులోకి కాపురం మారుతున్నారు. అద్దాల బీరువా గాలిలో ఉంది. పై నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "ఏమయ్యా తాడూ! అది మా అమ్మ బీరువా. దాని మీద గీత పడిందా, నీ తలరాత మారిపోతుంది!" అంది. మామయ్య ఆ ఒక్కసారీ పైకి చూశాడట. బీరువా మీద గీత పడలేదు గానీ తలరాత మారింది. పెళ్లయ్యాక ఆయనే ఆ మూడో అంతస్తుకు కాపురానికి వచ్చాడు. ఆవిడ మాత్రం ఆ మొదటి రోజు పిలుపు మార్చలేదు. అందరి పెళ్లాలూ "ఏమండీ" అంటే, ఈవిడ చివరిదాకా "ఏమయ్యా" అనే పిలిచింది. పిల్లలు పుట్టలేదు. ఉన్న ప్రేమంతా, ఉన్న తిట్లన్నీ నాకే పెట్టింది. ఆవిడ గదిలో మూలమూలనా ఇరుక్కుని సామాను. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని మామయ్య ఏడిపిస్తే, "మర్కటాన్నే అయితే నీ మెట్లు సుఖంగా ఎక్కి దిగేదాన్ని కదయ్యా" అని మూతి తిప్పేది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. మా ఇంట్లో ఆ రెండూ ఒక్క క్షణంలో జరిగాయి.

ఆ రోజు ఒకరింటికి ఇనప పొయ్యి ఎక్కిస్తున్నారు. పొయ్యి పై కిటికీ దాకా వచ్చింది. నాన్న "ఆగు" అన్నాడు. మామయ్య ఆపాడు. నాన్న బయటికి వంగి, కొక్కెం పై తాడును మోచేతికి ఒక చుట్టు చుట్టుకుని పొయ్యిని లోపలికి లాక్కుంటున్నాడు. ఆ ఇంటావిడ వెనక నిలబడి సణుగుతోంది. పొయ్యి తగిలి ఆవిడ కిటికీలో పూలకుండీ పగిలింది. "మా అమ్మ ఇచ్చిన కుండీ అది, ఎలా పగలగొట్టారు" అని ఒకటే గొడవ. మా నాన్న మర్యాదస్తుడు. ఆడవాళ్లు బాధపడితే చూడలేడు. అంత బరువు చేతిలో పెట్టుకుని ఆవిణ్ణి ఓదార్చబోయాడు. "పోయిందేదో పోయింది, వదిలెయ్యండమ్మా" అన్నాడు.

కిందికి "వదిలెయ్" వరకే చేరింది. "అండమ్మా" అనే మర్యాద చేరేలోపు మామయ్య చేతులు తెరుచుకున్నాయి.

పొయ్యి నాన్నను తీసుకుని కింద పడింది. ఇంతకన్నా ఆ సంగతి చెప్పడం నా వల్ల కాదు.

తప్పెవరిదని ఊరంతా వాదించుకుంది. అన్నవాడిదని కొందరు, విన్నవాడిదని కొందరు. మా అమ్మ అందరి ముందూ "మా అన్న తప్పేం లేదు" అంది. ఆ మాట అనేసి ఇంటికొచ్చింది. ఆ తర్వాత మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఉన్న వంతెన మళ్లీ దాటలేదు. అన్నతో మాట్లాడనూ లేదు, తిట్టనూ లేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుంది. కూర వండితే వాళ్లకో గిన్నె పంపేది. నేను తీసుకెళ్లేదాన్ని. గిన్నె తిరిగిచ్చేటప్పుడు మామయ్య ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "మీ అమ్మ ఏమైనా అందా?" ఏమీ అనలేదని చెప్పడానికి నాకు ప్రాణం మీదికొచ్చేది. ఒకటి రెండుసార్లు అబద్ధం కూడా చెప్పాను.

మామయ్య ఇక తాడు ముట్టుకోలేదు. బట్టలారేసే తాడు కూడా అత్తయ్యే కట్టుకునేది. తాళ్లున్న బూట్లు మానేసి చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాడు. బతకడానికి కాలవ శుభ్రం చేసే పడవలో చేరాడు. మా కాలవలో చేపలకన్నా సైకిళ్లు ఎక్కువ. ఇది కూడా నేను మైకులో చెబుతాను. జనం తాగి తోసేసినవి, గాలికి పడిపోయినవి, దొంగలు విసిరేసినవి. పెద్ద ఇనప పంజా నీళ్లలోకి దిగి గుప్పెడు సైకిళ్లు పైకి తెస్తుంది. వాటికి అంటుకున్న బురద కడగడం మామయ్య పని. జీవితమంతా సామాను పైకెత్తినవాడు పడిపోయినవి కడుగుతూ కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికొస్తే ఒళ్లంతా కుళ్లునీళ్ల వాసన. అత్తయ్య ముక్కు మూసుకుని, "ఏమయ్యా, నువ్వు కాలవ శుభ్రం చేస్తున్నావా, కాలవే నిన్ను మురికి చేస్తోందా?" అనేది. ఆయన నవ్వేవాడు కాదు. ఆవిడ మాత్రం రోజూ ఏదో ఒకటి అనేది, ఎప్పటికైనా నవ్వుతాడని.

తర్వాత అత్తయ్య కాళ్లు వాచాయి. గుండె బలహీనపడింది. ఒక పక్క పక్షవాతం కొంచెం తగిలింది. నోరు మిగిలింది. ఒళ్లు పెరిగింది. ఆ మెట్లు దిగడం మానేసి ఎన్నేళ్లయిందో ఆవిడే మర్చిపోయింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. నా పడవ వెళ్తుంటే పై నుంచి చేయి ఊపేది. "అటు చూడండి, మా ఊరి మహారాణి" అని మైకులో చెబితే, పర్యాటకులు చేతులూపేవారు. అదొక్కటే ఆవిడకు కాలక్షేపం.

మా ఊరు మొత్తం కొయ్య దుంగల మీద నిలబడి ఉంది. బురదలో దిగ్గొట్టిన దుంగలు. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం అవి చెక్కుచెదరవు. నీటిమట్టం తగ్గి గాలి తగిలిందంటే పుచ్చిపోతాయి. మనుషులు మునిగితే చస్తారు, మా దుంగలు తేలితే చస్తాయి అని పడవలో హాస్యమాడతాను. ఆ హాస్యం చివరికి మా అత్తయ్య ఇంటికే వచ్చింది. గోడలో పగులు కనపడింది. తలుపు మూసుకోవడం మానేసింది. మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చి కింద దుంగలు పుచ్చాయనీ, అందరూ ఖాళీ చెయ్యాలనీ తేల్చాడు. మిగతా అంతస్తులవాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. అత్తయ్యను దించడం ఎలాగన్నది ప్రశ్న. మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగదు. క్రేను బండి రావడానికి వంతెన బలం చాలదు. క్రేను పడవ రావడానికి అదే వంతెన ఎత్తు చాలదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రక్షణ దళం పెద్దాయన దూలం వైపు చూశాడు. "ఇది ఇంకా గట్టిగానే ఉంది. కిటికీలోంచి దించేద్దాం, మావాళ్లు తాడు పడతారు" అన్నాడు.

"మీవాళ్లెవరో నాకేం తెలుసు?" అంది అత్తయ్య. "దిగితే మా ఆయన తాడు మీద దిగుతా. లేదంటే ఇంటితో పాటే దిగుతా."

మామయ్య గదిలోంచి లేచి వెళ్లిపోయాడు. మెట్ల మీద కూర్చున్నాడు. నేను అత్తయ్యను కోప్పడ్డాను. నాకు నిజంగానే ఒళ్లు మండింది. "ఆయన్ని ఎందుకిలా చంపుతావు? ఈ వయసులో ఆయనకిదేం పరీక్ష?" అన్నాను.

"పరీక్ష కాదే పిచ్చిదానా" అంది నెమ్మదిగా. "ఆ చేతులకి ఆఖరిగా గుర్తున్నది మీ నాన్నే. అలాగే పోతాడా ఈ మనిషి? ఒక్కసారి నన్ను క్షేమంగా కింద పెడితే, ఆ చేతులకి ఇంకో సంగతి గుర్తుంటుంది. తినీ తినీ పెంచిన ఒళ్లు, ఇందుకైనా పనికిరానీ."

బయటికొచ్చి మామయ్య పక్కన కూర్చున్నాను. చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు. ఆఖరికి, "పైన నువ్వుంటావా?" అన్నాడు. "మీ నాన్న గొంతే నీది. ఆ గొంతైతే నా చేతులకి తెలుసు. ఒక్కటే చెబుతున్నా. ఆ మాటలు తప్ప ఇంకో మాట నీ నోట రాకూడదు. ఎవరేమడిగినా, ఏం జరిగినా సరే."

మర్నాడు ఎండ బాగా వచ్చాక పని మొదలైంది. కిటికీ చట్రం ఊడదీశారు. చేతులున్న బరువైన కుర్చీలో అత్తయ్యను కూర్చోబెట్టి, వెడల్పాటి పట్టీలతో కట్టారు. కొత్త తాడు తెచ్చారు. మామయ్య దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేళ్లతో తడిమి చూసుకున్నాడు. గట్టు మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఆయన వెనక రక్షణ దళం కుర్రాడు ఒకడు తోడు నిలబడ్డాడు గానీ ముందు చేతులు మామయ్యవే. ఆస్పత్రి పడవ గట్టుకు కట్టి ఉంది. నర్సు గట్టెక్కి ఎదురుచూస్తోంది. మా అమ్మను రమ్మని పొద్దున అడిగాను. "ఆ తాడు నేను చూడలేనే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇద్దరు మనుషులు కుర్చీని కిటికీ అంచుకు జరిపారు. "లాగు" అన్నాను. తాడు బిగిసింది. కుర్చీ ఆ అంచు మీద నుంచి లేచి గాలిలోకి వెళ్లింది. "ఇవ్వు" అన్నాను.

ఇచ్చాడు. ఎంత మెత్తగా ఇచ్చాడంటే, కుర్చీ దిగుతోందా లేక ఇల్లే పైకి లేస్తోందా అన్నట్టుంది. అత్తయ్య ఊరుకుంటేగా. "ఏమయ్యా, నిద్రపోతున్నావా? ఎండ మాడ్చేస్తోంది!" అని గాలిలోంచి మొదలుపెట్టింది. "అయ్యయ్యో, ఈ గోడకి సున్నం కొట్టి ఎన్నాళ్లయింది! ఇంత దరిద్రంగా ఉందా మన ఇల్లు బయటికి!" కింద నిలబడ్డ జనం నవ్వారు. మామయ్య తల ఎత్తలేదు.

అప్పుడే మా కంపెనీ పడవ ఒకటి వచ్చింది. పర్యాటకులు లేచి నిలబడి ఫొటోలు తీశారు, చేతులూపారు. అత్తయ్య బాగున్న చేయి పైకెత్తి ఠీవిగా ఊపింది. చప్పట్లు కొట్టారు. పడవ వంతెన కిందికి వెళ్లిపోయింది.

చేయి దిగింది. కుర్చీ చేతి మీద ఆనలేదు, జారి పక్కకు వేలాడింది. పై నుంచి నాకు కనపడేది ఆవిడ పాపిట ఒక్కటే. ఆ పాపిట మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. తిట్లు ఆగిపోయాయి.

అత్తయ్యా అని నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను. నా పక్కనున్నతను "ఏమైంది ఆవిడకి?" అని గొణిగాడు. జవాబు చెప్పలేదు. "ఆగు" అంటే గాలిలో ఉండిపోతుంది. నర్సు కింద ఉంది. కిందికి చేర్చడం తప్ప దారి లేదు. కేక వేస్తే ఆయన చేతులేమవుతాయో నాకు తెలుసు. జ్వరంతో ఉన్నా, ఏడుపొస్తున్నా మైకులో గొంతు మారకుండా మాట్లాడడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని అంతగా అసహ్యించుకున్న రోజు మరొకటి లేదు.

"ఇవ్వు" అన్నాను. "ఇవ్వు. ఇవ్వు."

తాడు ఎక్కడా కుదుపు లేకుండా దిగింది. కుర్చీ కాళ్లు గట్టు మీద ఆనాయి. నర్సు పరుగున వచ్చింది. ఎవరో కొక్కెం ఊడదీశారు. అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పాను. మా నాన్న పోయాక మా ఇంట్లో ఒకరు ఆ మాట అనడం అదే మొదలు. మామయ్య చేతులు తెరిచాడు.

ఆ మెట్లన్నీ నేనెలా దిగానో నాకు తెలియదు. వచ్చేసరికి అత్తయ్యను గట్టు మీద పడుకోబెట్టి నర్సు ఛాతీ మీద నొక్కుతోంది. చాలాసేపు నొక్కింది. తర్వాత లేచి, దుప్పటి మొహం మీదికి లాగింది.

మామయ్య గట్టు అంచున కూర్చుని ఉన్నాడు. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. పక్కన కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలియక ఏడుస్తున్నాను.

"రెండో అంతస్తు దగ్గర పోయింది కదూ?" అన్నాడు.

నేను బిత్తరపోయాను. "నీకెలా తెలుసు?"

"బతికున్న మనిషి తాడు మీద ఊరికే ఉండదే. ఊపిరి తీసినా తాడుకి తెలుస్తుంది. అక్కడ తాడు ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయింది. ఆ తర్వాత దించింది బీరువానే."

"మరి ఎందుకు అరవలేదు మామయ్యా?"

"అరిస్తే నువ్వు ఏడ్చేదానివి. నువ్వేడిస్తే ఈ చేతులు..." అని అరచేతులు తిప్పి చూసుకున్నాడు. పైన నేను ఆయన దగ్గర దాచాను, కింద ఆయన నా దగ్గర దాచాడు. ఇద్దరం కలిసి ఆవిణ్ణి జాగ్రత్తగా కింద పెట్టాం.

నర్సు వచ్చి ఏదో అడిగింది. ఆయన వినిపించుకోలేదు. ఆస్పత్రి పడవ తాడు విప్పుతుంటే అటే చూస్తూ కూర్చున్నాడు. పడవ కదిలాక నా వైపు తిరిగాడు.

"నేను పడెయ్యలేదు కదే?" అన్నాడు.

"లేదు మామయ్యా. పడెయ్యలేదు."

"మీ అమ్మకి చెప్పు" అన్నాడు.